తీరిందన్న అప్పు

దీవెన నీళ్లు ముట్టలేదు.

మంజుల తెచ్చిపెట్టిన చెంబు అరుగు మీద అలాగే ఉంది. రాత్రి డ్యూటీ దిగి, సిరిసిల్లలో మొదటి బస్సు పట్టుకుని కోరుట్ల వచ్చిన మనిషి, అన్న ఇంటి వాకిట్లో చెప్పులైనా విడవకుండా నిలబడి ఉంది. భుజాన ఉన్న సంచి కూడా దించలేదు.

"కూసో దీవెనా. గట్ల నిలవడితే చూసేటోళ్లు ఏమనుకుంటరు? మీ అన్న పొద్దుగాల్లనే ఒక ముసలాయనను కిరాయి మీద జగిత్యాల దవాఖానకు తీస్కపోయిండు. దించి వస్తడు" అంది మంజుల.

"వచ్చినంక కూసుంట వదినె."

"ఫోన్ల మాట్లాడితే అయిపోవు గద. గింత దూరం ఉరికొచ్చినవు."

"నిన్నటి సంది చేస్తున్న. ఎత్తుతలేడు. చెల్లె ఫోన్ కూడ బ్యాంకోళ్ల ఫోన్ లెక్కనే అయింది ఆయనకు."

మంజుల చేతిలో చీపురు ఆగింది. ఒక క్షణం తర్వాత ఊడ్చిన చోటే మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

లోపల ప్రార్థన ముగించుకుని భూమవ్వ బయటికి వచ్చింది. కూతురిని చూడగానే ఆ ముసలి ముఖం విప్పారింది.

"నా బిడ్డ అచ్చింది! ఏందే, ముఖం గట్ల పీక్కపోయింది? పిల్లలు మంచిగున్నరా? స్లాబు ఎప్పుడేస్తరట? సామేలు అయ్యగారిని ప్రార్థనకు తోల్కొని నేనే వస్తనని చెప్పిన గద."

"స్లాబు లేదవ్వా."

"లేకపోవుడేంది? పెంకులు దించినమంటివి?"

"దించినం. గోడల మీద టార్పాలిన్ పట్ట కప్పుకొని పండుకుంటున్నం. లోన్ ఇయ్యమన్నరు బ్యాంకోళ్లు."

గంభీరావుపేటలో దీవెన వాళ్లది పాత పెంకుటిల్లు. ఆమె భర్త వినోద్ సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు నడుపుతాడు. ఆమె అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నెలనెలా జీతం బ్యాంకులో పడే మనిషి కాబట్టి లోను తప్పకుండా వస్తుందని అందరూ అన్నారు. ఆ మాట మీద వినోద్ వానలకు ముందే పెంకులు దించాడు. స్లాబు పోయడానికి సెంట్రింగు సామాను కిరాయికి తెచ్చి వాకిట్లో వేయించాడు. ఇప్పుడు ఆ ఇంటికి గోడలున్నాయి, పైన ఏమీ లేదు.

"నేనూ ఆయనా ఇద్దరం పోయినమవ్వా. మేనేజరు కంప్యూటర్ల చూసిండు. 'అమ్మా, మీ పేరు మీద క్రెడిట్ కార్డు అప్పు రెండు లక్షలకు పైన ఉంది, లేటు కూడ పడ్డది, ఇంకో అప్పు ఎట్లిస్తం' అన్నడు. మా ఆయన నా పక్కకే కూసున్నడు. నా దిక్కు మర్లి చూసిండు. ఏమనలే. బస్సుల ఒక్క మాట మాట్లాడలే."

"ఎవరిదే ఆ కార్డు?"

"నాదే. అన్న కాడుంది."

భూమవ్వకు అర్థం కాలేదు. ఆమె కోడలి వైపు చూసింది. కోడలు చూడలేదు.

"డీజిల్‌కు కావాలంటే ఇచ్చిన" అంది దీవెన. "ఎయిర్‌పోర్టు కిరాయిలకు పోయినప్పుడు చేతిల పైసలుండవు, పోయొచ్చినంక కడుతనన్నడు. కార్డు తీసుకున్ననాడు నా ఫోన్ పలిగిపోయి ఉండె, అన్న నంబరే రాయించిన. మెసేజులన్ని ఆయనకే పోతయి. నాకేం ఎరుక? వదినె, నీకెరుకేనా?"

మంజుల చీపురు పక్కన పెట్టింది.

"నాకేం ఎరుక."

"నా దిక్కు చూసి చెప్పు."

"అబ్బ! పోలీసోళ్ల లెక్క అడుగుతవేంది?"

"నీకు ఎరుకే వదినె. నేను నీళ్లు ముట్టకపోతే 'ఎందుకు ముడ్తలేవు' అని ఒక్కమాట అడగలే నువ్వు."

మంజుల ముఖం ఎర్రబడింది. ఇంక దాచే మాట లేదని తెలిసిన మనిషి గొంతు పెరిగింది.

"ఎరుకే. అయితే ఏంది? నీ అన్న ఏం తాగిండా, పేకాడిండా? బండి గుంజుకపోతమని ఫైనాన్సోళ్లు మనుషులను తోలిండ్రు. గీ వాకిట్లనే నిలవడి వాడకట్టంత వినేటట్టు ఒర్రిండ్రు. బండి పోతే మేమేం తినాలె? నువ్వు నర్సింగు చదివిననాడు ఫీజు ఎవరు కట్టిండ్రు దీవెనా? దుబాయ్‌ల ఎండకు మాడి పంపిండు గద? నీకు జీతం వస్తుందంటే అది ఎవరి చెమట?"

"కాదన్ననా ఎన్నడన్న?"

"అనకపోయినా ఇయ్యాల అడుగ వచ్చినవు గద."

ఆ ఫీజుల మాట వస్తే దీవెనకు అన్న చేతులే గుర్తొస్తాయి. అన్న ఎడారి నుంచి వచ్చినప్పుడు అరచేతుల చర్మం పొట్టు లేచి ఉండేది. ఆ చేతులతోనే ఆమెకు కొత్త తెల్లకోటు తొడిగి చూసుకున్నాడు.

"మీరిద్దరు ఏం మాట్లాడుతున్నరే?" అంది భూమవ్వ మెల్లగా. "కారు అప్పు తీరిపాయె గద. కొత్త సంవత్సరం ఆరాధనల కొడుకు సాక్ష్యం చెప్పిండు. నువ్వు డ్యూటీల ఉంటివి బిడ్డా, నువ్వు వినలే. సంఘమంత ఏడ్సింది."

వీధి మలుపులో కారు హారన్ వినపడింది.

*

కుమార్ వాకిట్లో చెల్లెలిని చూసి, కారు దిగకుండా కాసేపు స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు. తెల్ల కారు. వెనుక అద్దం మీద ఎర్ర రేడియం అక్షరాల్లో 'దేవుడు ఇచ్చిన బహుమానం' అని ఉంది.

దిగి వచ్చి, నవ్వబోయాడు.

"ఎప్పుడొచ్చినవు చెల్లె? తిన్నవా?"

"కార్డు ఇయ్యన్నా."

అతడు జేబు తడుముకున్నాడు. కార్డు పర్సులోనే ఉంది. తీసి ఇచ్చాడు. దీవెన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అంచు దగ్గర రంగు పోయి ఉంది.

"మంచిగ వాడినవు. అరిగిపోయింది."

"చెల్లె, కూసో. చెప్త."

"నిలవడే వింట."

కుమార్ అరుగు అంచున కూర్చున్నాడు. తల్లి ఉన్న వైపు చూడకుండా నేల చూస్తూ చెప్పాడు. కిరాయిలు లేక మూడు నెలలు కిస్తీ తప్పింది. మనుషులు వచ్చారు. పూర్తిగా కట్టేస్తే ఫైనుల్లో కొంత తగ్గిస్తామన్నారు. ఎవరిని అడిగినా చేయి ఖాళీ అన్నారు. బస్టాండు దగ్గర అమీనుద్దీన్‌కు మొబైల్ దుకాణం ఉంది. అక్కడ కార్డు గీకే మిషను ఉంది. ఫోన్లు కొన్నట్టు బిల్లు కొట్టి, ఆయన కమీషను ఆయన పట్టుకుని మిగతాది చేతికిచ్చాడు. ఆ డబ్బు తీసుకువెళ్లి కారు ఫైనాన్సు మొత్తం కట్టేశాడు.

"అమీనుద్దీన్ చాచా ఆనాడే అన్నడు. 'బేటా, నెల తిరగకముందే కట్టెయ్, గిది అసలే మంచిది కాదు' అన్నడు. నేననుకున్న... పెండ్లిళ్ల సీజను వస్తే కట్టేస్తననుకున్న."

"కట్టినవా?"

"కట్టిన. నెలనెలా కట్టిన. ఫోన్ల వస్తది గద, గింత కట్టాలె అని, అంత కట్టిన. రెండు నెలల సందే తప్పింది."

"ఎంత వస్తుండె?"

"మినిమం అని వస్తుండె."

దీవెన కళ్లు మూసుకుంది.

"అన్నా, మినిమం అంటే కిస్తీ కాదు. అది కడితే అప్పు తగ్గది. నువ్వు కట్టిందంత వడ్డీకే పోయింది."

"నాకెట్ల ఎరుక చెల్లె? కారుకు నెలకింతని కట్టిన, తగ్గుకుంట వచ్చింది. గిది కూడ గట్లనే అనుకున్న. ఎవరూ చెప్పలే."

"నన్నడిగితే చెప్పుదును గద! నన్నెందుకు అడుగలే?"

అడిగితే ఇవ్వదేమోనని అతడు అడగలేదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. అతడు చెప్పలేదు, ఆమె చెప్పించలేదు.

భూమవ్వ గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె గొంతు ఎక్కడి నుంచో వచ్చినట్టు వచ్చింది.

"కొడుకా, అయితే అప్పు తీరలేదా?"

"కారు అప్పు తీరిందవ్వా."

"దేవుడు తీర్చిండంటివి. నిలవడి చెప్పినవు కొడుకా. 'మనుషులందరు తలుపులు మూసిండ్రు, నా దేవుడు తెరిచిండు, ఇయ్యాల నా బండి మీద రూపాయి బాకీ లేదు' అన్నవు. నేను విన్న. నా చెవులతోని విన్న."

"అబద్ధం చెప్పలేదవ్వా. బాకీ లేదని ఫైనాన్సోళ్లు కాగితం ఇచ్చిండ్రు. గదిగో, గోడకే ఉంది."

అతడు ఆ రోజు అబద్ధం చెప్పాలనే నిలబడ్డాడా? కాకపోవచ్చు. కాగితం మీద బాకీ లేదని ఉన్నమాట నిజం. వాకిట్లో బండి ఉన్నమాట నిజం. మనుషులు తలుపులు మూసిందీ నిజమే. సంఘమంతా ఒక్కసారి స్తోత్రం అన్నప్పుడు, నోటి నుంచి వచ్చిన మాటను చెప్పినవాడు కూడా నమ్మేస్తాడు కాబోలు. ఎవరి చేతుల మీదుగా తీరిందని అడగాలని ఒక్కరికీ తోచలేదు. దేవుడు చేశాడన్న తర్వాత మధ్యలో ఎవరున్నారని అడగడం విశ్వాసం లేకపోవడమా? లేక అడగకపోవడమే తప్పా?

భూమవ్వ చీర కుచ్చిళ్లు కొంచెం పైకి లాగి తన కాళ్లు తాను చూసుకుంది. చీలమండల పైన, ఏళ్ల తరబడి ఒరిసిన చోట, చర్మం తెల్లగా, నున్నగా ఉంది.

"నా కడెంలు" అంది.

కుమార్ తల ఎత్తలేదు.

"మా అవ్వ పెట్టిన వెండి కడెంలు. మీ నాయిన సచ్చిపోయిననాడు తియ్యలే. నువ్వు దుబాయ్ పోయేటందుకు ఇల్లు కుదువ పెట్టినం, కడెంలు పెట్టలే. నీ సాక్ష్యం విని, దేవునికి కృతజ్ఞత అని, అయ్యగారి చేతిల పెట్టిన. నువ్వు నా పక్కకే నిలవడ్డవు గద కొడుకా. నా కాళ్లకెళ్లి తీసింది నువ్వే గద. సబ్బు రాసి తీసినవు."

"అవ్వా..."

"తీసేటప్పుడన్న చెప్పకపోతివా?"

మంజుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆమే అంది, "అత్తా, అయ్యగారికి సంగతి చెప్తే... వాపసు ఇస్తరేమో. అయ్యగారు మంచాయన. అమ్మితే కొంతన్న..."

"నోరు ముయ్యి." భూమవ్వ కోడలిని ఎప్పుడూ అలా కసరలేదు. "దేవునికిచ్చింది మల్ల అడుగుతరా? ఏమని అడుగుతవు? మా కొడుకు చెప్పింది ఉత్తదే, మా వెండి మాకియ్యిమని అడుగుతవా?"

ఆమె లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. ఆ తలుపుకు గడియ లేదు. నెడితే తెరుచుకుంటుంది. అయినా ఎవరూ నెట్టలేదు.

పక్కింట్లో కుక్కరు కూతలు వినపడుతున్నాయి.

చివరికి దీవెన అంది, "నాకు నీ సాక్ష్యం వద్దన్నా, అవ్వ కడెంలు వద్దు. కారు అమ్ము. కార్డు కట్టు. నా పేరు సాపు చెయ్యి. గంతే."

"కారు అమ్మితే మేమేం తినాలె?" మంజుల గొంతులో ఇప్పుడు కోపం లేదు, భయమే ఉంది.

"ఆయనకు డ్రైవింగు వచ్చు గద వదినె. ఒకరి బండి నడుపుతడు. నా పిల్లలు ఆకాశం కింద పండుకుంటున్నరు."

కుమార్ లేచాడు. ఇంట్లోకి వెళ్లి, వాగ్దాన క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతున్న కాగితం తీసుకుని వచ్చాడు. కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు, కిరాయికి ఎక్కేవాళ్లకు తెరిచి పట్టుకున్నట్టే.

"జగిత్యాలల సోహైల్ ఉన్నడు. పాతబండ్లు కొంటడు. పోదాం పా."

*

కారు మేడిపల్లి దాటింది. కారులో ముసలాయన మందుల వాసన ఇంకా పోలేదు. పడమటి వైపు మబ్బు లేస్తోంది.

"బావ కోపం మీదున్నడా?" అన్నాడు కుమార్.

"కోపం మీదుంటే మంచిగుండేది. ఏమంటలేడు. రాత్రి పట్టకు రాళ్లు పెట్టుకుంట కూసున్నడు, గాలికి లేవకుంట. నేను డ్యూటీకి పోతుంటే 'ఎప్పుడు గీకినవు' అన్నడు. నేను గీకలే అన్న. 'మరి ఎవరు' అన్నడు. చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"నీ పేరు చెప్తే నిన్ను ఇంకెన్నడు గడప తొక్కనియ్యడని."

కుమార్ ఎదురుగా వస్తున్న లారీకి దారి ఇచ్చి, కారును పక్కకు తీసి ఆపాడు. లారీ వెళ్లిపోయాక కూడా గేరు వెయ్యలేదు.

"నేను నీకు మోసం చేయాలనుకోలే చెల్లె."

"ఎరుకే."

"నమ్ముతున్నవా?"

"నమ్ముతున్న. గదే నాకు పరేషాన్. నువ్వు దొంగవైతే కేసు పెడుదును."

అతడు గేరు వేశాడు.

సోహైల్ బండ్ల అడ్డా జగిత్యాలలో కరీంనగర్ రోడ్డు మీద ఉంది. రేకుల షెడ్డు కింద కడిగి ఆరబెట్టిన కార్లు వరుసగా ఉన్నాయి. సోహైల్ కుమార్ కంటే చిన్నవాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే దుబాయ్ క్యాంపులో ఉన్నారు.

"అరె కుమారన్నా! ఏంది, పొద్దున్నే దర్శనం? అక్కా, కూసోండి. చాయ్ చెప్త."

"చాయ్ వద్దు తమ్మీ. బండి చూడు. అమ్ముతున్న."

సోహైల్ నవ్వు తగ్గింది. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ ఎత్తించి చూశాడు. తలుపుల మీద వేళ్లతో కొట్టి విన్నాడు. వెనుక అద్దం దగ్గర ఆగాడు.

"బాగనే పెట్టుకున్నవన్నా. గీ రేడియం తీసేపిస్త, గది ప్రాబ్లం కాదు. కని ట్యాక్సీ ప్లేటు బండి. తిరిగింది ఎక్కువ. మస్తు రేటు రాదు."

అతడు ఒక ధర చెప్పాడు. కార్డు మీద ఉన్నదానికి అది సరిపోదు.

"తమ్మీ, నేను కొన్న రేటు నీకెరుకే గద."

"ఎరుకేనన్నా. ఇయ్యాల మార్కెట్ కూడ నీకు ఎరుకే. నీ కాడ లాభం తీసుకుంటనా నేను?"

"గా రేటుకే ఇస్తడు" అంది దీవెన. "తక్కువైంది నా జీతంలకెళ్లి కడుత. పైసలు ఇయ్యాలనే ఇస్తరా తమ్మీ?"

సోహైల్ ఫోనులో బండి నంబరు కొట్టి చూశాడు. నుదురు గోక్కున్నాడు.

"అన్నా, ఆర్సీల ఫైనాన్సోళ్ల పేరు ఇంకా ఉంది గద."

"బాకీ లేదు. కాగితం తెచ్చిన." కుమార్ ఎంతో జాగ్రత్తగా దాన్ని ముందుకు చాచాడు.

సోహైల్ దాన్ని పట్టుకుని వంచబోయాడు. వంగలేదు.

"గిదేందన్నా? లామినేషన్ చేయించినవు?"

"తడవద్దని. గోడకు పెట్టుకున్నం."

"గోడకా?"

"దేవుడు చేసిన కార్యం గద. పిల్లలు చూడాలెనని."

సోహైల్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని దీవెనకు అనిపించింది.

"గిది గోడకు పెట్టుకునేది కాదన్నా. గిది తీస్కపోయి ఆర్టీఓ ఆఫీసుల ఇయ్యాలె. ఇస్తేనే ఆర్సీల వాళ్ల పేరు పోతది. గిట్ల ప్లాస్టిక్ల పెట్టినంక వాళ్లు ముట్టరు. ముట్టినా, తారీఖు చూడు. మూడు నెలలే చెల్లుతది. అది ఎప్పుడో అయిపాయె. మల్ల కొత్తది తేవాలె."

"తెస్త. ఇప్పుడే పోయి తెస్త."

"యాడికి పోతవు? ఫైనాన్సోళ్లు గీ ఊళ్లె ఆఫీసు ఎత్తేసిండ్రు. కరీంనగర్ల దరఖాస్తు పెట్టాలె. నెలైతదో, రెండు నెలలైతదో. అప్పటిదాక బండి నా పేరు మీదికి రాదు, నేను పైసలు ఇయ్యరాదు. అల్లా కసం, ఇచ్చేదుంటే ఇద్దును."

కుమార్ ఆ కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. చొక్కా అంచుతో దాని మీది దుమ్ము తుడిచాడు. ఎందుకు తుడుస్తున్నాడో అతడికే తెలిసినట్టు లేదు.

"అంటే ఇయ్యాల ఏం కాదన్నట్టు" అంది దీవెన.

సోహైల్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కుమార్‌ను చూశాడు, దీవెనను చూశాడు. చెప్పాలా వద్దా అని వెనుకాడుతున్నట్టున్నాడు.

"ఒక తొవ్వ ఉంది. మంచి తొవ్వ కాదు. మొదలే చెప్తున్న."

"చెప్పు తమ్మీ" అన్నాడు కుమార్ వెంటనే.

"ప్రైవేటు ఫైనాన్సు. నాకెరుకైనాయన. బ్యాంకు లెక్క కంప్యూటర్ల చూడడు. నౌకరీ ఉన్నోళ్ల సంతకం, జీతం పడే బ్యాంకు చెక్కులు ఉంటే చాలు. బండి గిక్కడనే నా కాడ పెడితే ఇంకా నమ్ముతడు. కార్డు మొత్తం ఇయ్యాలనే కట్టొచ్చు. వడ్డీ మాత్రం కార్డుకేం తక్కువ కాదు. ఒక నెల తప్పితే చెక్కు వేస్తడు. చెక్కు వాపసు వస్తే కోర్టే."

"నౌకరీ ఉన్నోళ్లంటే?"

సోహైల్ దీవెన వైపు చూశాడు. అక్కడ నౌకరీ ఉన్న మనిషి ఒక్కతే.

దీవెనకు నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. "బాగున్నది. అప్పు కారు మీదికెళ్లి కార్డు మీదికొచ్చింది. కార్డు మీదికెళ్లి కాగితం మీదికొస్తది. యాడికి పోయినా నా పేరు మీదనే ఉంటది."

"కార్డు కట్టినంక లోన్ ఇస్తమన్నరా అక్కా బ్యాంకోళ్లు?"

"వెంటనే కాదన్నరు. రికార్డుల ఎక్కాలె, కొన్ని నెలలు చూడాలె, అప్పుడు రమ్మన్నరు. రమ్మన్నరు, గంతే. ఇస్తమనలే."

"మరి ఆలోచించుకోండి. నా చెల్లె షాజియా అయితే నేను సంతకం పెట్టనియ్య. గది కూడ చెప్తున్న." సోహైల్ లేచి, వాళ్లను వదిలి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

మబ్బు నడినెత్తికి వచ్చింది. రేకుల మీద గాలి చప్పుడు చేస్తోంది. షెడ్డులో పనివాళ్లు కార్ల అద్దాలు ఎత్తుతున్నారు.

"నువ్వు చెప్పన్నా" అంది దీవెన. "పెట్టాల్నా?"

కుమార్ కారు వైపు చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచీ ఆమె ఏది అడిగినా అతడు ఆలోచించకుండా చెప్పేవాడు. ఏ బడికి పోవాలో, ఏ చదువు చదవాలో, వినోద్ మంచివాడో కాడో అన్నీ అతడే చెప్పాడు. వద్దు అనే ఒక్క మాట కోసం ఆమె ఎదురు చూసింది. ఆ మాట అంటే కార్డు అలాగే ఉంటుంది, ఇల్లు అలాగే ఉంటుంది. అయినా ఆ మాట వింటే తను లేచి బస్సెక్కి వెళ్లగలదు.

"దేవుని మీద భారమేసి పెట్టు చెల్లె" అన్నాడు కుమార్. "నేను కడుత."

దీవెన అన్న ముఖంలోకి చూసింది. అతడి కళ్లలో ఎక్కడా మోసం లేదు. కడతాననే అనుకుంటున్నాడు. కార్డు గీకినప్పుడు కూడా ఇలాగే అనుకుని ఉంటాడు.

ఆమె ఫోన్ మోగింది. వినోద్.

"ఆ, చెప్పు" అంది.

"యాడున్నవు? డ్యూటీ దిగి ఇంటికి రాలేదేంది?"

"జగిత్యాలల ఉన్న. అన్న కాడికొచ్చిన."

అటువైపు పట్ట గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"మీ అన్ననా గీకింది?"

ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"సరే" అన్నాడు వినోద్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గది తర్వాత మాట్లాడుదాం. గిక్కడ మబ్బు పట్టింది. మేస్త్రి వచ్చి నిలవడ్డడు. రుద్రంగిల ఇంకో పని ఉందట. రేపు సెంట్రింగు కొట్టాల్నా, లేకపోతే సామాను తీస్కపోవాల్నా అంటున్నడు. ఏమన్న అయ్యేటట్టున్నదా దీవెనా? కాదంటే కాదను. పిల్లలను మా అక్కోళ్లింటికి పంపిస్త."

'కాదు' అనడానికి ఆమె నోరు తెరిచింది.

ఫోనులో చిన్న బిడ్డ గొంతు వినపడింది. "బాపూ, అమ్మనా? ఇల్లు అయితదట్నా?"

ఎదురుగా కుమార్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతడి పెదవులు కదులుతున్నాయి. ప్రార్థిస్తున్నాడు. ఎవరి కోసమో ఆమెకు తెలియదు.

"దీవెనా? ఉన్నవా?"

"ఉన్న."

"ఏం చెప్పాలె మేస్త్రికి?"

సంతకం పెట్టినా కార్డే తీరుతుంది, స్లాబుకు రూపాయి రాదని ఆమెకు తెలుసు.

"కొట్టుమను" అంది దీవెన.

"అయితదా? నిజంగనే?"

"కొట్టుమను అన్న గద."

అటువైపు వినోద్ ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయాడు. అతడు మేస్త్రిని పిలుస్తున్న కేక, సామాను ఇంకాస్త లోపలికి జరపమని చెబుతున్న మాట, పిల్లలు అరుస్తూ వాకిట్లోకి ఉరికిన చప్పుడు, ఒకదాని వెనుక ఒకటి ఆమె చెవిలో పడుతూనే ఉన్నాయి. ఆమె కూడా ఫోన్ పెట్టెయ్యలేదు.